తేదీ చీటీ

చీరాల,
జనవరి 3.

చిన్నీకి,

చలికి మామయ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి, అంతకుమించి చెప్పుకోదగ్గ బాధలేం లేవు.

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. బుక్ ఫెయిర్‌లో 3,200 రూపాయలు పెట్టి పుస్తకాలు కొన్నావని మీ అమ్మ, మా వదిన, కేకలేసింది. అదే నెలలో 2,400 పెట్టి చెప్పులు కొంటే మాత్రం పల్లెత్తు మాట అనలేదు. "అంటే చెప్పులపాటి చెయ్యవా అత్తా పుస్తకాలు?" అన్నావు. ఆ మాట అనేటప్పుడు నీ గొంతు బొంగురుపోయింది. నేను లైబ్రరీలో జీవితం గడిపినదాన్ని కదా, నీ పక్షాన వదినతో మాట్లాడతానని ఆశపడి ఉంటావు. మాట్లాడతాను. కానీ ముందు నీతో మాట్లాడాలి. ఫోన్లో అయితే మాటకు మాట అడ్డొస్తుంది, అందుకని కాయితం తీసుకున్నాను.

చెప్పుల సంగతి ముందు తేల్చేస్తాను. అవి దండగ కాదు. హాస్టల్ నుంచి మెట్రో దాకా, మెట్రో దిగి ఆఫీసు దాకా, సాయంత్రం మళ్ళీ అదే దారి. రోజుకి నాలుగు కిలోమీటర్లకి తక్కువ కాకుండా నడుస్తున్నావు. కాలేజీ రోజుల్లో 400 పెట్టి కొన్నవి నాలుగు నెలలు తిరిగేసరికి పట్టీ తెగిపోయేవి. మడమ నొప్పి అంటూ ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చునేదానివి. ఇవి రెండేళ్ళు వస్తే రోజుకి మూడు రూపాయల చిల్లర పడినట్టు. ఒంటి బరువంతా మోసే వస్తువుకి అది ఎక్కువేం కాదు. వదిన ఊరుకోవడంలో న్యాయం ఉంది. పుస్తకాల గురించి కేకలెయ్యడంలో కూడా సగం న్యాయం ఉంది. అది ఏ సగమో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

నేను 31 ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో పని చేశాను. అక్కడ పుస్తకం రాగానే వెనకట్ట లోపలివైపు ఒక చీటీ అంటిస్తాం. తేదీ చీటీ. నిలువునా గళ్ళు ఉంటాయి. పుస్తకం ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఒక గడిలో ఊదారంగు ముద్ర పడుతుంది. చీటీ నిండిపోతే దాని మీదే ఇంకోటి అంటిస్తాం. నువ్వు చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చి నా కుర్చీ పక్కన స్టూలు ఎక్కి కూర్చుని ఆ ముద్ర వేస్తానని మారాం చేసేదానివి, జ్ఞాపకముందా? వేళ్ళన్నీ ఊదా రంగు చేసుకునేదానివి.

ఏటా స్టాకు తనిఖీ చేసేటప్పుడు ప్రతి పుస్తకం వెనకట్టా తెరవాల్సి వచ్చేది. బంగారు అక్షరాల అట్టతో అద్దాల బీరువాలో నిలబడ్డ పెద్ద పెద్ద సంపుటాలకి రెండు ముద్రలు, మూడు ముద్రలు. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు'కి నాలుగు చీటీలు ఒకదాని మీద ఒకటి అంటించి అట్ట మూత పడేది కాదు. లోపల ఊరగాయల పేజీల్లో పసుపు వేలిముద్రలు, నూనె మరకలు. మూడుసార్లు బైండింగుకి వెళ్ళొచ్చింది ఆ పుస్తకం. బీరువాలోని సంపుటాలు ఇవాళ్టికీ కొత్తగానే ఉంటాయి. అప్పటినుంచీ ఏ వస్తువు చూసినా దాని వెనక ఒక తేదీ చీటీ ఉందనుకోవడం అలవాటైపోయింది నాకు. ఇది ఇంటికొస్తే దీని మీద ఎన్ని ముద్రలు పడతాయి? ధర చూడకముందు నేను అడుక్కునే మాట అదే.

మా వంటింట్లో ఇనుప పెనం చూశావు కదా. చీరాల సంతలో 350కి తెచ్చాను. మొదటి వారం ప్రతి అట్టూ అంటుకుపోయింది. ఉల్లిపాయ చెక్క నూనెలో ముంచి రుద్దీ రుద్దీ దాన్ని దారికి తెచ్చుకున్నాను. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. నాలుగు రోజులకోసారి అట్లు పోసినా ఎన్ని ముద్రలో లెక్కేసుకో. దానికి ముందు 1,200 పెట్టి కొన్న నాన్‌స్టిక్ పెనం రెండేళ్ళకే నల్లపొర లేచి అట్టుకి అంటుకొచ్చేది. ఇక్కడ చవకది గెలిచింది, నీ చెప్పుల దగ్గర ఖరీదైనది గెలిచింది. కాబట్టి చవకా ఖరీదా అన్నది నీ చేతికి దారి చూపదు చిన్నీ. ఎంత తరచుగా వాడతాం, వాడినప్పుడల్లా సరిగ్గా పని చేస్తుందా, పాడైతే బాగుచేసుకోవచ్చా, వీటిని చూడాలి. మా కుక్కరు మూడోసారి గ్యాస్కెట్టు మార్చుకుని ఇంకా కూస్తూనే ఉంది. విడిభాగం బజార్లో దొరకని వస్తువుని ఎంత తక్కువకి ఇచ్చినా నేను ముట్టుకోను.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1997లో ఒకాయన సూట్‌కేసు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం. నున్నటి కాయితం, రంగుల బొమ్మలు, కొత్త అచ్చు వాసన. మొత్తం 20 సంపుటాలు, రెండేళ్ళ వాయిదాలు. అప్పటికి మీ బావ నాలుగో తరగతి. "పిల్లవాడి భవిష్యత్తు కోసం" అన్నాడాయన. నేను సంతకం పెట్టాను. మామయ్య వద్దనలేదు, కానీ ఆ వాయిదాల మూలంగా ఇంటికి సున్నం వేయించడం రెండు సంక్రాంతులు వెనక్కి పోయింది. 20 సంపుటాలూ హాల్లో వరసగా నిలబెట్టాం. మీ బావ వాటిలో ఒక్కటి, ఒకే ఒక్కసారి తెరిచాడు, స్కూల్లో అగ్నిపర్వతం బొమ్మ గీసుకు రమ్మన్నప్పుడు. వాడికి ఇనుప సామాను విప్పి బిగించడమంటే ప్రాణం. అదే ఏడు 60 రూపాయల స్క్రూడ్రైవర్ల సెట్టు కొనిపెట్టమని వారం రోజులు నా వెంట తిరిగాడు. డబ్బుల్లేవన్నాను. ఇప్పుడు వాడు ఓడల ఇంజన్ల మీద పని చేస్తున్నాడు. ఆ స్క్రూడ్రైవర్ల సంగతి వాడు మర్చిపోయాడు, నేను మర్చిపోలేదు.

చాలా ఏళ్ళకి గాని నాకు అర్థం కాలేదు, ఆ రోజు నేను కొన్నది పుస్తకాలు కాదని. ఆ పుస్తకాలు చదువుకుంటూ కూర్చునే కొడుకుని కొనుక్కున్నాను. అలాంటి కొడుకు నాకు లేడు. ఉన్న కొడుకు అడిగినదేమో కొనలేదు. లైబ్రరీలో రోజూ తేదీ చీటీలు చూసే నేనే, ఇంటికొచ్చేసరికి చూడటం మర్చిపోయాను. చివరికి ఆ సంపుటాలు దగ్గర్లోని హైస్కూలుకి ఇచ్చేశాను.

అందుకని నీ చేతిలో ఏదైనా వస్తువు ఉన్నప్పుడు ఒక్కటి గమనించుకో. నీ కళ్ళముందు కదిలేది ఆ వస్తువా, లేక దాన్ని వాడుతున్న ఇంకో చిన్నీనా? ఉదయం అయిదింటికి లేచి యోగా చేసే చిన్నీ, గిటారు వాయించే చిన్నీ, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఫొటో తీసుకునే చిన్నీ. ఆ అమ్మాయి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చాక ఆమెకి కావలసినవి ఆమె కొనుక్కుంటుంది. జీతం మాత్రం ఇప్పుడున్న చిన్నీదే.

ఇక బుక్ స్టాల్లో నిలబడి పుస్తకాన్ని ఎలా చూడాలో చెబుతాను. ఇది మా తరం లైబ్రరీవాళ్ళకి చేతి అలవాటుగా అబ్బింది, ఎవరూ రాసి పెట్టలేదు.

ముందు మూసిన పుస్తకాన్ని నిలువుగా పట్టుకుని వెన్ను పైభాగం చూడు. చిన్న చిన్న మడతలు పక్కపక్కనే వరసగా కనబడితే అది ఫారాలు మడిచి దారంతో కుట్టిన పుస్తకం. ఫారానికి పదహారు పేజీలు. నెమ్మదిగా తిరగేస్తూ పోతే ఒక్కో మడత నడుమ దారం కనబడుతుంది. వెన్ను దగ్గర మడతల్లేకుండా కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే అది గమ్ముతో అంటించింది. గమ్ము బైండింగుని తక్కువ చెయ్యను. ఒక్కసారి చదివే నవలకి అది చాలు. కానీ నిఘంటువు, వంటల పుస్తకం, పరీక్షకి రోజూ తిరగేసేది గమ్ముదైతే, నాలుగు వేసవులు గడిచాక గమ్ము పెళుసెక్కి పేజీలు చేతికొస్తాయి. పైగా అది బల్ల మీద విప్పి పెడితే నిలవదు, మూసుకుపోతుంది. పిండి చేతులతో ఉన్నప్పుడు ఆ బాధేమిటో తెలుస్తుంది.

తర్వాత లోపలి పేజీ వెనక వైపు చూడు. మొదటి ముద్రణ ఎప్పుడు, ఇది ఎన్నో ముద్రణ. పాత పుస్తకమైతే సంపూర్ణంగా వేశారా, సంక్షిప్తం చేశారా. అనువాదమైతే అనువాదకుల పేరు ఉందా. పేరు వెయ్యని అనువాదాన్ని నేనెప్పుడూ అనుమానంగానే చూశాను. తన పేరు ఉండదని తెలిసినప్పుడు ఎవరూ రాత్రుళ్ళు కూర్చుని దిద్దరు.

మొదటి పేజీ చదివి కొనొద్దు. మొదటి పేజీని అందరూ శ్రద్ధగానే రాస్తారు. నూట నలభయ్యో పేజీ తీసి, అక్కడే నిలబడి పూర్తిగా చదువు. నీకు తర్వాతి పేజీ తిప్పాలనిపించిందా? ఆ ఒక్క పేజీలో మూడు అచ్చుతప్పులు దొర్లితే పుస్తకం వెనక్కి పెట్టెయ్. నిఘంటువు కొనేటప్పుడు ఆ వారంలో నీకు నిజంగా అనుమానం వచ్చిన మూడు మాటలు వెతికి చూడు. వంటల పుస్తకంలో నీకు బాగా వచ్చిన వంట తీసి చూడు. గోంగూర పచ్చడికే కొలత చెప్పలేని పుస్తకం, నీకు రాని వంట దగ్గర నట్టేట ముంచుతుంది.

ధర గురించి వదిన అన్నమాట, "రెండొందల పేజీలకి రెండొందలా, దోపిడీ" అని. అది తప్పు, నేను ఆమెకి చెబుతాను. ఈ రోజుల్లో తెలుగు పుస్తకం పేజీకి రూపాయి దగ్గర పడుతోంది. ఎందుకంటే అయిదు వందల ప్రతులు వెయ్యడమే గొప్పగా ఉంది. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, వీటికయ్యే ఖర్చు అయిదు వందలు వేసినా అయిదు వేలు వేసినా ఒక్కటే. తక్కువ ప్రతుల మీద పడేసరికి ఒక్కోదానికి బరువవుతుంది. ఆ పైన అమ్మిపెట్టే దుకాణం కమిషన్ మూడో వంతుకి పైమాటే. మిగిలిన దాంట్లో రాసినవాళ్ళకి వచ్చేది, చాలాసార్లు, ఇంట్లో పేర్చుకున్న కట్టలే.

చవగ్గా దొరికేది నాసిరకమనీ అనుకోకు. గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ 1923 నుంచి నడుస్తోంది. వాళ్ళ తెలుగు పుస్తకాలు అంత తక్కువకి ఎలా ఇస్తారని అందరూ ఆశ్చర్యపోతారు. తిరుమల తిరుపతి దేవస్థానంవాళ్ళు కవిత్రయ భారతాన్ని 15 సంపుటాల్లో వేశారు, టీకా తాత్పర్యాలతో. అక్కడ మన బదులు ఆ ఖర్చు వేరేవాళ్ళు భరిస్తున్నారు. నా చిన్నప్పుడు విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, ప్రగతి ప్రచురణలు, గట్టి అట్టలతో, పిల్లలకి రంగుల బొమ్మలతో, చిల్లర డబ్బులకి ఇచ్చేవాళ్ళు. అంత చవకేమిటి, ప్రచారం కోసమే అని మా నాన్న పెదవి విరిచేవాడు. మీ నాన్నా నేనూ కలిసి రెండు కొనుక్కున్నాం. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. ఇప్పుడు పాత పుస్తకాల షాపుల్లో అవి కనబడితే అసలు ధరకి ఎన్నో రెట్లు అడుగుతున్నారు.

అన్నట్టు, కొనకుండా చదవడానికి నువ్వు ఇప్పటికే డబ్బు కట్టేశావు. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, 1960 నాటి చట్టం అది. మీ నాన్న కడుతున్నాడు. నువ్వుండే హాస్టల్ యజమాని నీ అద్దెలోంచే కడుతున్నాడు. మీ హైదరాబాదులోనే, అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది. ఆ భవనం చూడడానికైనా ఒకసారి వెళ్ళు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి నిన్ను నేనే తీసుకెళ్ళాను, 1918 నాటిది. పాత పత్రికల కట్టలు చూసి "ఇవన్నీ ఎవరు చదువుతారు?" అని పెద్దగా అడిగితే అక్కడ చదువుకుంటున్న పెద్దాయన తలెత్తి నవ్వాడు. నా పద్ధతి ఒకటే. లైబ్రరీ నుంచి తెచ్చి చదువుతాను. తిరిగిచ్చాక మళ్ళీ కావాలనిపిస్తే మళ్ళీ తెస్తాను. మూడోసారి మనసు దాని మీదికి పోయిందంటే కొనుక్కుంటాను. మా ఇంట్లో ఉన్న పుస్తకాల్లో సగానికి పైగా అలా వచ్చినవే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతాయి నీకు. అక్కడ మాత్రం పేజీల అంకెలు చూసి కొను. ఫారం ఫారమే ఎగిరిపోయిన పుస్తకాలు వస్తుంటాయి.

సరుకుల సంగతి రెండు ముక్కల్లో. లీటరు నూనె తూకం వేస్తే 910 గ్రాముల దగ్గర ఉంటుంది. అదే సైజు ప్యాకెట్లో 850 గ్రాములే పోసి పది రూపాయలు తగ్గించి అమ్మేవాళ్ళున్నారు. పెద్ద అక్షరాల ధర కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న బరువు చదువు. గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని యూనిట్ ధర కూడా ఇప్పుడు పొట్లాల మీద వేస్తున్నారు. ఆన్‌లైన్లో 1,999 కొట్టేసి 799 అని చూపిస్తే 1,200 మిగిలిందని సంబరపడకు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదనే హద్దు, ఆ వస్తువు అంత చేస్తుందని హామీ కాదు. నీ చేతిలోంచి పోయింది 799, అంతే.

మామయ్య పోయినేడు హాల్లో ఫ్యాను మార్చారు. పాతది 75 వాట్లు, కొత్తది 30. రోజుకి పన్నెండు గంటలు, ఏడాదికి మూడొందల రోజులు తిరిగిందనుకున్నా 162 యూనిట్లు మిగిలాయి. యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే 972. ధరలో తేడా 1,500. ఏడాదిన్నర దాటిన కొద్ది రోజులకే ఆ తేడా తిరిగొచ్చేస్తుంది. స్టోర్ రూములో ఉన్న ఫ్యాను మార్చుదామంటే నేనే వద్దన్నాను. అది ఏడాదికి పది గంటలు తిరగదు.

వదినకి మొదటి జీతంతో చీర కొనాలన్నావు. అది హైదరాబాదులో కొనకు. పండక్కి వచ్చినప్పుడు మగ్గం దగ్గరికే వెళ్దాం. నీ కంటితో నువ్వు పోల్చుకునేలా నేర్పిస్తాను. చేనేత చీర అంచు వేలితో తడిమి చూస్తే సూదిమొన పాటి చిల్లులు వరసగా తగులుతాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ముళ్ళున్న కర్ర బిగిస్తారు, దాని గుర్తులు అవి. పడుగూ పేకా ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడాగా ఉంటాయి, నేసింది మనిషి కాబట్టి. నూలు ఎన్నో నంబరని అడుగు. ఒక పౌండు బరువుకి 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అన్నో నంబరు. నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నం, చీర మెత్తన, ధర ఎక్కువ. అక్కడే అందరూ పొరబడతారు. నూరో నంబరు చీర పెళ్ళికి కట్టుకోవడానికి, బీరువాలో దాచుకోవడానికి. వదిన స్కూలుకి బస్సులో వెళ్ళొస్తుంది, వారానికోసారి గంజి పెట్టి ఉతుకుతుంది. ఆమెకి ఎనభయ్యో నంబరు మేలు, కాస్త మందంగా నాలుగేళ్ళు వస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టి సన్నటిది ఇస్తే ఆమె అది కట్టుకోదు. నాకు తెలుసు, నేనిచ్చినది ఇప్పటికీ మడత విప్పలేదు.

ఇదంతా రాశాక నీకో సంగతి దాచకుండా చెప్పాలి. తేదీ చీటీ లెక్క అన్నిచోట్లా పనిచెయ్యదు.

మా లైబ్రరీలో అద్దకపు రంగుల మీద ఒక సన్నటి పుస్తకం ఉండేది. 35 రూపాయలు ధర. ఏళ్ళ తరబడి చీటీ తెల్లగానే ఉంది. ఒకరోజు మా ఊరి నేతగాడు ఒకాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, లైబ్రరీ గడప తొక్కడం అదే మొదలు. వాళ్ళ తాత తేలియా రుమాళ్ళకి నూలు సిద్ధం చేసేవాడట. నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళలో నూలుని రోజుల తరబడి నానబెట్టి పిసికి, ఆ తర్వాతే ఎరుపూ నలుపూ అద్దేవాళ్ళు. ఒకప్పుడు ఆ రుమాళ్ళు చీరాల నుంచి అరబ్బు దేశాలకి ఎగుమతి అయ్యేవి. ఇక్కడ ఆ పని దాదాపు ఆగిపోయింది, ఇప్పుడు తెలంగాణలో పుట్టపాకవాళ్ళు నేస్తున్నారు. తాత చేతులు జ్ఞాపకమే గానీ, పాళ్ళు జ్ఞాపకం లేవు ఈయనకి. ఆ పుస్తకం పట్టుకెళ్ళాడు. రెండు వారాల గడువు దాటి మరో అయిదు వారాలకి తెచ్చాడు. జరిమానా ఎంతని అడిగి, కట్టేశాడు. పుస్తకానికి ఎర్రటి గుడ్డతో అట్ట వేసి ఉంది. చేత్తో ముట్టుకుంటే కొద్దిగా జిడ్డు, నూనె వాసన. ఏమీ మాట్లాడలేదు, నా బల్ల మీద పెట్టి ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ పుస్తకం మీద ఈనాటికీ ఒకే ఒక ముద్ర. దాన్ని ఏ లెక్కలో వెయ్యమంటావు? నాకు తెలియదు. పదవీ విరమణ చేసే రోజు బీరువాలన్నీ ఒకసారి తిరిగి, దాన్ని తీసి, ఆ ఎర్ర గుడ్డ తడిమి మళ్ళీ అక్కడే పెట్టాను.

అందుకని నీ ఆరు పుస్తకాల దగ్గరికి వస్తాను. 'అమరావతి కథలు' కొన్నందుకు నేను సంతోషించాను. నూరు చిన్న కథలు, కథకో బాపు బొమ్మ. మెట్రోలో రెండు స్టేషన్ల మధ్య ఒకటి అయిపోతుంది, ఇరవై ఏళ్ళయినా పాతబడదు. శ్రీపాదవారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' మెల్లగా చదువు, తొందరేం లేదు. ఆ తెలుగు నీ నోట్లోకి కొంచెం వచ్చినా డబ్బు తిరిగొచ్చేసినట్టే. రావిశాస్త్రి 'అల్పజీవి' రెండు రాత్రుళ్ళలో పూర్తవుతుంది, లైబ్రరీలో దొరికేది, అయినా కొన్నావు, మంచిదే. ఈ మూడూ కలిపి 1,300. వీటి గురించి వదినతో నేను పోట్లాడతాను.

మిగిలిన 1,900 ఆ మూడు ఇంగ్లీషు పుస్తకాల డబ్బా. అది ఎందుకు కొన్నావని అడిగితే "డబ్బా చాలా బాగుందత్తా, మా టీంలో అందరూ కొన్నారు" అన్నావు. వదిన కేకల్లో న్యాయమున్న సగం అది. దాన్ని చూసి బాధపడుతూ కూర్చోకు, నేను ఆ 20 సంపుటాల్ని చూస్తూ కూర్చున్నట్టు. ఈ నెలాఖరులోగా మొదటిది తెరిచి నూట నలభయ్యో పేజీ చదివి చూడు. పట్టుకుంటే ఉంచుకో. లేకపోతే కొత్తగా ఉన్నప్పుడే హాస్టల్లో కావలసినవాళ్ళకి సగం ధరకి ఇచ్చెయ్యి.

నా పాత నిఘంటువు నీకు పంపిస్తున్నాను. విజయవాడలో పాత పుస్తకాల వాడి దగ్గర 40 రూపాయలకి కొన్నది, రెండుసార్లు బైండింగు చేయించాను. పోస్టాఫీసులో పుస్తకాలకి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తగా పెట్టారు, అయిదు కిలోల దాకా పంపొచ్చట. నువ్వు కూడా ప్రచురణకర్తల దగ్గర నేరుగా తెప్పించుకునేటప్పుడు అడుగు. నిఘంటువు మధ్యలో ఒక వసకొమ్ము పెట్టాను. పారెయ్యకు, పురుగు పట్టకుండా ఉంటుంది.

దాంతోపాటు పది తేదీ చీటీలు కూడా పెట్టాను. నా దగ్గర మిగిలిపోయినవి. మైదా పిండి ఉడికించి, చిటికెడు మైలతుత్తం కలిపి, నీ మూడు తెలుగు పుస్తకాల వెనకట్టలకి అంటించు. మైలతుత్తం విషం, చేతులు బాగా కడుక్కో. చదవడం మొదలుపెట్టిన రోజు తేదీ వెయ్యి. స్నేహితులెవరైనా పట్టుకెళితే వాళ్ళ తేదీ కూడా వెయ్యి.

భోగికి ముందు రోజే వచ్చెయ్యి. అరిసెలకి పాకం పట్టేటప్పుడు నువ్వుండాలి, నాకు ఒంటి చేత్తో కాదు. వచ్చేటప్పుడు 'అల్పజీవి' సంచిలో వేసుకురా. మామయ్య ఎప్పుడో చదివారట, మళ్ళీ చదువుతానంటున్నారు. వదిలి వెళ్ళేటట్టయితే ఆయన చేతే ముద్ర వేయిద్దాం.

ఇట్లు,
అత్త